సరిహద్దు ఊళ్లలో ఇంటి బ్రాడ్‌బ్యాండ్: పెట్టించుకోవడం, తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గానీ, గుణుపురం, రాయగడల్లో గానీ నెట్ ఆగిపోతే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు, అప్పటికీ రాకపోతే లైన్‌మన్‌కు ఫోన్ చేసి "నెట్ రావడం లేదు" అని చెబుతారు, ఆయన రేపో ఎల్లుండో వస్తానంటే ఎదురు చూస్తారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఊరితో పాటు చుట్టుపక్కల పల్లెలన్నీ ఒక్క మనిషి చేతిలో ఉంటాయి. నిచ్చెన తీసుకురావాలో, కొత్త అడాప్టర్ తీసుకురావాలో, అసలు ఆఫీసులో కూర్చునే సరిచేయవచ్చో "నెట్ రావడం లేదు" అన్న ఒక్క మాటతో ఆయనకు తెలియదు. "ఎర్ర లైటు వెలుగుతోంది, పక్కింట్లో మాత్రం వస్తోంది" అని చెబితే తెలుస్తుంది. ఆ మాట చెప్పగలిగేలా మిమ్మల్ని సిద్ధం చేయడానికే ఇది రాస్తున్నాను. తప్పు ఏ ముక్కలో ఉందో తేలకుండా ఏ బటనూ నొక్కవద్దు, ఏ తీగా పీకవద్దు.

కనెక్షన్‌ను నాలుగు ముక్కలుగా ఊహించుకోండి. స్తంభం మీది పెట్టె నుంచి మీ ఇంటి పెట్టె (చాలా ఇళ్లలో రౌటర్ కూడా ఇదే) వరకు ఫైబర్ తీగలో వచ్చే వెలుతురు మొదటి ముక్క. ఆ పెట్టె కంపెనీ యంత్రం దగ్గర నమోదై, మీ ఖాతాతో లాగిన్ కావడం రెండవది. రౌటర్ నుంచి మీ ఫోను వరకు ఉన్న వై-ఫై, లేదా కంప్యూటర్ వరకు ఉన్న ల్యాన్ తీగ మూడవది. కంపెనీ ఆఫీసు దాటిన తరువాతి దారి అంతా నాలుగవది. మొదటి రెండూ కంపెనీ బాధ్యత, మూడవది దాదాపుగా మీది, నాలుగవదాని విషయంలో మీరు చేయగలిగింది ఆధారాలు కూడగట్టడమే.

కనెక్షన్ తీసుకునే ముందు

మా వైపు రెండు రకాల ఫైబర్ దొరుకుతుంది. కంపెనీ యంత్రం నుంచి మీ ఇంటి వరకు మధ్యలో కరెంటు అక్కరలేని అద్దపు తీగ, స్ప్లిటర్లు మాత్రమే ఉండేది ఒకటి. దీన్ని పాన్ పద్ధతి అంటారు. స్ప్లిటర్ వెలుతురును పంచుతుందే గానీ కరెంటు తీసుకోదు. రెండవది, వీధి మలుపు దాకా ఫైబర్ వచ్చి, అక్కడ ఎవరి ఇంటి గోడకో బిగించిన స్విచ్ పెట్టె నుంచి ల్యాన్ తీగతో మీ ఇంటికి వచ్చేది. ఈ రెండవ రకంలో మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, ఆ పెట్టె ఉన్న చోట కరెంటు పోతే నెట్ పోతుంది. అందువల్ల ప్లాను ధర అడగడానికి ముందే అడగవలసిన ప్రశ్న ఇది: "మీ ఆఫీసుకూ మా ఇంటికీ మధ్య కరెంటు కావలసిన పెట్టె ఏదైనా ఉందా?" ఉందంటే దానికి బ్యాటరీ ఉందో లేదో అడగండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు ఇక్కడ ఉన్నవారెవరికీ ఈ ప్రశ్న ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవ జాగ్రత్త కాగితాల గురించి. ఆధార్‌లో శ్రీకాకుళం లేదా పార్వతీపురం చిరునామా ఉండి, ఒడిశాలో అద్దెకు ఉంటున్న తెలుగు కుటుంబాలు మా వైపు తక్కువేమీ కాదు. కనెక్షన్ బిగించే చిరునామాకు అద్దె ఒప్పందమో, ఇంటి యజమాని పేరున్న కరెంటు బిల్లో ముందుగానే సిద్ధం చేసుకుంటే దరఖాస్తు మధ్యలో ఆగదు.

దుకాణదారులు మరో విషయం గమనించాలి. స్థిరమైన లైనుకు జీఎస్‌టీ చట్టం ప్రకారం లైను బిగించిన చోటే సరఫరా స్థలం అవుతుంది. దుకాణం పర్లాకిమిడిలో ఉండి, 37తో మొదలయ్యే ఆంధ్రప్రదేశ్ జీఎస్‌టీ నంబరు ఇస్తే, బిల్లు మీద ఒడిశా పన్ను పడుతుంది, దాని క్రెడిట్ మీకు రాదు. 21తో మొదలయ్యే ఒడిశా నంబరు ఉంటే అదే ఇవ్వండి. బిల్లు మీద 18 శాతం పన్ను కాబట్టి ఏడాదికి ఇది లెక్కలోకి వచ్చే మొత్తమే.

తీగ ఇంట్లోకి వచ్చే రోజు

కనెక్షన్ జాతకం చాలావరకు ఈ ఒక్క రోజున తేలిపోతుంది కాబట్టి, ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు దగ్గరుండాలి.

నా అనుభవం చెబుతాను. మా ఇంట్లో కొత్త కనెక్షన్ వచ్చిన మొదటి వానాకాలంలో, వాన మొదలైన పది నిమిషాలకు నెట్ పోయేది, వాన వెలిశాక కాసేపటికి తిరిగి వచ్చేది. స్తంభం మీది జాయింటులోకి నీరు దిగుతోందని అందరం అనుకున్నాం. లైన్‌మన్ రెండుసార్లు వచ్చి జాయింటు విప్పి మళ్లీ చేశారు, ఒకసారి రౌటర్ కూడా మార్చారు. ఫలితం లేదు. చివరికి ఒక సాయంత్రం వాన పడుతుండగా నేను రౌటర్ పేజీ తెరిచి, తీగలో వెలుతురు ఎంత వస్తోందో చెప్పే అంకె చూస్తూ కూర్చున్నాను (మైనస్ తరువాతి అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు). వాన మొదలైనప్పుడు -21 ఉన్న అంకె, మా అమ్మ లేచి జల్లు కొడుతోందని కిటికీ రెక్క మూయగానే -29కి పడిపోయింది. తీగను కిటికీ మూలలోంచి లోపలికి లాగారు. రెక్క మూసినప్పుడల్లా అది చట్రానికీ రెక్కకూ మధ్య నలిగి మడత పడుతోంది. వానకూ నెట్‌కూ ఉన్న సంబంధం ఆ కిటికీ రెక్కే.

తీగ కిటికీలోంచి, తలుపు సందులోంచి రాకూడదు. గోడకు రంధ్రం వేయించాలి. ఆ రంధ్రం బయటి వైపు కిందికి వాలి ఉండాలి, లేకపోతే గోడ మీద జారిన నీరు తీగ వెంబడి లోపలికి వస్తుంది. రంధ్రానికి ముందు బయట తీగను కొంచెం కిందికి వేలాడేలా వంపు తిప్పి అప్పుడు లోపలికి తేవాలి. నీటి చుక్క ఆ వంపు అడుగున రాలిపోతుంది. మూలల్లో తీగను గోడకు అంటించి మడవకూడదు. ఇళ్లకు వేసే వంపు తట్టుకునే ఫైబర్‌కు కూడా వంపు వ్యాసార్ధం 7.5 నుంచి 10 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, పాత రకం ఫైబర్‌కు 30 మిల్లీమీటర్లు కావాలి. మిగిలిన తీగను అరచేయి వెడల్పు చుట్టగా చుట్టి పెట్టిస్తే సరిపోతుంది. మేకు కొట్టే క్లిప్పులు తీగను నొక్కేంత బిగువుగా ఉండకూడదు.

కోతులు, ఉడతలు ఎక్కువగా ఉండే వీధుల్లో స్తంభం నుంచి గోడ వరకు తీగ వదులుగా ఊగకుండా బిగుతుగా కట్టించండి. డాబా మీదుగా తీగ వస్తుంటే ఆ భాగాన్ని పీవీసీ గొట్టంలో వేయించడం చవకైన పని. లైన్‌మన్ చేయకపోయినా మీరే గొట్టం కొని ఇస్తే కాదనరు.

తీగ చివర ఉండే పచ్చరంగు కనెక్టర్ మొనను వేలితో తాకవద్దు, తాకనివ్వవద్దు. కంటికి కనిపించని ధూళి కూడా వెలుతురును అడ్డుతుంది. పచ్చ కనెక్టర్ మొన 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం కనెక్టర్ మొనకు ఆ వాలు ఉండదు. రెండింటినీ కలిపితే మధ్యలో ఖాళీ మిగిలి వెలుతురు పోతుంది. ఆ మొనను కంటికి ఎదురుగా పెట్టి ఎన్నడూ చూడవద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు గానీ హాని చేస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ముందే చెప్పి ఉంచాలి.

లైన్‌మన్ వెళ్లేలోగా రాసుకోవలసినవి

పవర్ మీటర్‌తో కొలిచిన అంకెను ఆయన్నే అడిగి రాసుకోండి. తరువాత బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరిచి, సాధారణంగా 192.168.1.1 దగ్గర ఉంటుంది, స్టేటస్ భాగంలో ఆర్‌ఎక్స్ పవర్ లేదా రిసీవ్డ్ పవర్ అన్న చోట అదే అంకె ఉందో చూడండి. ఇది వెలుతురు బలాన్ని కొలిచే డీబీఎం అనే కొలమానంలో, మైనస్ గుర్తుతో ఉంటుంది. మైనస్ తరువాతి అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. ప్రతి 3 డీబీ తగ్గుదలకు వెలుతురు సగమవుతుంది, అంటే -21 నుంచి -27కి పడితే నాలుగో వంతే మిగిలినట్టు. జీపాన్ అనే సాధారణ రకం పాన్ పెట్టె -8 నుంచి -27 వరకు పని చేస్తుంది. -15 నుంచి -24 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మొదటి రోజే -26 వస్తే "పని చేస్తోంది కదా" అన్న మాటకు ఒప్పుకోవద్దు. రేపు ఒక చిన్న మడత పడినా అది ఆగిపోతుంది.

దీనితో పాటు పీపీపీఓఈ (కంపెనీ దగ్గర మీ ఖాతాతో లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, రౌటర్ సెట్టింగుల్లో కంపెనీ పెట్టే వీల్యాన్ సంఖ్య ఉంటే అది, పెట్టె వెనుక ఉన్న సీరియల్ నంబరు, స్తంభం మీది పెట్టె గుర్తు, ల్యాన్ తీగతో కొలిచిన వేగం, అన్నీ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. ఫోనులో మాత్రమే దాస్తే, ఆ ఫోను చేతిలో లేని రోజునే దాని అవసరం పడుతుంది. చివరగా రౌటర్ పేజీ పాస్‌వర్డునూ వై-ఫై పాస్‌వర్డునూ మార్చండి.

రౌటర్ ఎక్కడ పెట్టాలి

టీవీ వెనుక, బీరువా పైన, ఫ్రిజ్ పక్కన కాదు. ఇనుము వై-ఫైని ఆపుతుంది, నీరు మింగుతుంది. పర్లాకిమిడి పాత పెంకుటిళ్లలో గోడలు మందంగా ఉంటాయి కాబట్టి వీధి గదిలో పెట్టిన రౌటర్ వంటింటికి అందదు. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, తెరిచి ఉన్న చోట పెట్టించండి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలు అంతగా దాటలేదు. రెండింటికీ వేరు వేరు పేర్లు పెడితే ఏ పరికరం దేని మీద ఉందో మీకు తెలుస్తుంది. 2.4లో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. ఇరుగుపొరుగు రౌటర్లు ఎక్కువగా ఏ ఛానెల్‌లో ఉన్నాయో వై-ఫై అనలైజర్ యాప్‌లో చూసి, మిగిలినదాన్ని ఎంచుకోండి.

కరెంటు, పిడుగు

అడాప్టర్ మీద 12 వోల్టులు అని రాసి ఉంటే అంతే వోల్టేజి ఇచ్చే చిన్న యూపీఎస్ కొనండి. పది వాట్ల లోపు తినే రౌటర్‌ను 30 వాట్-అవర్ల బ్యాటరీ రెండున్నర గంటలు నడుపుతుంది. పెద్ద ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయిన క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంటే, ఇన్వర్టర్ వెనుక ఉన్న మీటను యూపీఎస్ వైపు పెట్టి చూడండి.

అద్దపు తీగలో కరెంటు ప్రవహించదు కాబట్టి పిడుగు భయం లేదని కొందరు అంటారు. సగమే నిజం. బయటి తీగలో బలం కోసం ఉక్కు కమ్మి ఉంటుంది, దాన్ని ఇంట్లోకి రానివ్వకుండా గోడ కొక్కెం దగ్గరే కత్తిరించాలి. అంతకంటే ప్రమాదం డాబాల మీదుగా ఇంటి నుంచి ఇంటికి లాగిన ల్యాన్ తీగలది. దగ్గర్లో పిడుగు పడితే ల్యాన్ పోర్టు మాడిపోతుంది. ఉరుములు మొదలవగానే అడాప్టర్‌నూ, బయటి నుంచి వచ్చే ల్యాన్ తీగనూ తీసివేయడం అలవాటు చేసుకోండి.

నెట్ పోయినప్పుడు

మొదట రీఛార్జి గడువు చూడండి. తరువాత పెట్టె మీది లైట్లు. పవర్ లైటే లేకపోతే అదే అడాప్టర్‌ను మరో ప్లగ్గులో పెట్టి చూడాలి. అడాప్టర్లు రౌటర్ కంటే ముందు పోతాయి.

ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే వెలుతురు రావడం లేదు, లేదా చాలినంత రావడం లేదు. తప్పు మొదటి ముక్కలోనిది, వై-ఫై సెట్టింగులు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. ఇంట్లో తీగ ఎక్కడైనా నలిగిందా, కుర్చీ కాలి కింద పడిందా, కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్లిందా చూడండి. ఆ తరువాత అదే కంపెనీ కనెక్షన్ ఉన్న పక్కింట్లో అడగండి. వాళ్లకు కూడా ఎరుపే అయితే తెగింది పెద్ద తీగ. రోడ్డు పనులో, కూలిన చెట్టో కారణం కావచ్చు. మీకొక్కరికే అయితే తప్పు మీ స్తంభానికీ మీకూ మధ్య ఉంది.

ఎల్‌ఓఎస్ ఆరి ఉండి, పాన్ లైటు ఆగకుండా మిణుకుతుంటే వెలుతురు వస్తోంది గానీ పెట్టె నమోదు కావడం లేదు. వెలుతురు అంకెను పాత కాగితంతో పోల్చండి. బాగా పడిపోయి ఉంటే ఇది కూడా తీగ తప్పే; పడకపోతే సీరియల్ నంబరు చెప్పి ఆఫీసులో చూడమనండి. పాన్ నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్ లైటు మాత్రం ఎర్రగా ఉన్నా, ఆరిపోయినా లాగిన్ తప్పు. రౌటర్‌ను రెండు నిమిషాలు ఆపి ఒక్కసారి వేయండి, చాలు.

ఇక్కడొక హెచ్చరిక. పెట్టె వెనుక సూది రంధ్రంలో ఉండే రీసెట్ బటను నొక్కవద్దు. ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. అది నొక్కితే లాగిన్ వివరాలు, వీల్యాన్ అన్నీ చెరిగిపోయి, చిన్న తప్పుకు పెద్ద తప్పు తోడవుతుంది.

లైట్లన్నీ సరిగ్గా ఉంటే కంప్యూటర్‌ను ల్యాన్ తీగతో రౌటర్‌కు కలిపి, ముందు 192.168.1.1కి, తరువాత బయటి ఇంటర్నెట్‌లోని 8.8.8.8కి పింగ్ చేయండి, అంటే అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే ఆదేశం ఇవ్వండి. మొదటిది పలికి రెండవది పలకకపోతే తప్పు కంపెనీ వైపు ఉంది. రెండూ పలుకుతూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే సేవ) తప్పు, రౌటర్‌లో డీఎన్‌ఎస్ చిరునామాలుగా 1.1.1.1, 8.8.8.8 పెట్టి చూడండి. తీగ మీద అంతా బాగుండి ఫోనులో రాకపోతే అది వై-ఫై తప్పు, దానికి లైన్‌మన్ అక్కరలేదు.

నెట్ ఉంది, వేగం లేదు

ప్లాను వేగం బిట్లలో చెబుతారు, ఫైలు దిగే వేగం బైట్లలో కనిపిస్తుంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు; కంప్యూటర్‌లో 12 కనిపిస్తే మోసం జరగలేదు. 200 ప్లాను తీసుకున్నా తీగ మీద 94 దగ్గరే ఆగిపోతుంటే ల్యాన్ తీగను అనుమానించండి. గిగాబిట్‌కు తీగలోని నాలుగు జతలూ కావాలి. ఒక జత తెగినా అది 100కి దిగిపోతుంది. రౌటర్ పోర్టే 100ది అయినా ఇదే లక్షణం.

పగలు బాగుండి రాత్రి తొమ్మిదింటికి నీరసించే వేగానికి కారణం సాధారణంగా కంపెనీ బయటి లైను ఇరుకు. దీన్ని మాటలతో నిరూపించలేరు. మూడు రోజుల పాటు ఉదయం ఆరుకు, రాత్రి తొమ్మిదికి, ల్యాన్ తీగతోనే వేగం కొలిచి స్క్రీన్‌షాట్లు ఉంచండి.

దుకాణానికి అదనంగా

యూపీఐ పేమెంట్లు, బిల్లింగ్ నెట్ మీదే నడిచే దుకాణానికి రెండవ దారి ఉండాలి. అయితే ఒకే స్తంభాల మీద వచ్చే రెండు ఫైబర్లు రెండు దారులు కావు. ఒక ఫైబర్, ఒక సిమ్ రౌటర్ పెట్టండి. ఒకటి పోతే రెండవదానికి తనంతట తానే మారే రౌటర్లు దొరుకుతాయి. మహేంద్రతనయ నది ఒడ్డున పాతపట్నం ఎదురుగా ఉన్న దుకాణాలకు అవతలి ఆంధ్ర సర్కిల్ టవర్, ఇవతలి ఒడిశా సర్కిల్ టవర్ రెండూ అందవచ్చు. సిమ్ రౌటర్‌ను ప్రతి కిటికీ దగ్గర పెట్టి కొలిచి, ఆ తరువాతే చోటు ఖాయం చేయండి.

ఊరికి వెళ్లినప్పుడు దుకాణం కెమెరా ఫోనులో చూడాలనుకుంటే రౌటర్‌లోని వ్యాన్ ఐపీ, అంటే కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అంకెల చిరునామా, చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే చాలామందికి కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చారని అర్థం, బయటి నుంచి నేరుగా కెమెరాకు దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ పని చేయదు. స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఇచ్చే, మారని బయటి చిరునామా) కొనాలి, లేదా క్లౌడ్ ద్వారా పని చేసే కెమెరా తీసుకోవాలి.

ఫిర్యాదు

ఫోనులో లైన్‌మన్‌కు చెప్పడం ఫిర్యాదు కాదు. బిల్లు మీద పేరున్న కంపెనీ కాల్ సెంటర్‌లోనో, యాప్‌లోనో నమోదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోవాలి. మధ్యలో ఊరి కేబుల్ ఆపరేటర్ ఉన్నా లైసెన్సు ఆ కంపెనీదే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఆ ఫిర్యాదు తేలకపోతే, లేదా తేలిన తీరు మీకు తృప్తి ఇవ్వకపోతే, అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండా అప్పీలు చేయవచ్చు. 39 రోజుల్లో నిర్ణయం రావాలి. మీ కాగితం మీది మొదటి రోజు అంకెలు, స్క్రీన్‌షాట్లు దానికి జతపరచండి.

కొత్తగా ఈ వైపు వచ్చినవారికి, ఒడియా మాత్రమే వచ్చిన లైన్‌మన్‌తో మూడు మాటలు చాలు. "నెట్ చాలునాహిఁ" అంటే నెట్ నడవడం లేదని. "నాలి బతి జళుఛి" అంటే ఎర్ర లైటు వెలుగుతోందని. "తార కటిజాఇఛి" అంటే తీగ తెగిపోయిందని. ఆయన వచ్చి జాయింటు చేసి నిచ్చెన దిగగానే, సెలవు చెప్పకముందే, రౌటర్ పేజీ తెరిచి వెలుతురు అంకె ఆయనకే చూపించండి. అది బీరువా తలుపు మీది అంకెకు ఒకటి రెండు డీబీ లోపల ఉంటే పంపించండి. అంతకంటే పడి ఉంటే జాయింటు ఇంకొకసారి చేయమని అడగండి. నిచ్చెన ఇంకా గోడకే ఉంది కాబట్టి ఆయనకు పది నిమిషాల పని.